ఎవరొచ్చినా లేవరాదు

పశువులు పోయాక కూడా మా కొట్టంలో చాలా ఏళ్లు ఒక టేకు నావ దూలాలకు మోకులతో వేలాడుతూ ఉండేది. మా తాత చేయించిన నావ. చలికాలంలో శామీర్‌పేట చెరువు మీద బాతులు దిగినప్పుడు పట్నం నుంచి వచ్చే అతిథులను వేటకు తీసుకుపోవడానికి చేయించాడట. సన్నగా, పొడుగ్గా, అడుగున కోసుగా ఉండి, నీటి మీద చప్పుడు లేకుండా జారిపోయేదని చెప్పేవారు. నాకు ఊహ తెలిసేసరికి అతిథులు లేరు, వేట లేదు. భూములు కొన్ని సీలింగులో పోయాయి, కొన్ని పంపకాల్లో పోయాయి, కొన్ని మా నాయిన మొహమాటానికి పోయాయి. మేముండే పాత గడీలో పెద్ద దర్వాజా, ఈ కొట్టం, వెనుక రెండు గదులు నిలబడి ఉన్నాయి. తక్కిన చోటంతా ప్లాట్ల హద్దురాళ్లు.

నేను మండల ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేశాను. ఆ ఉద్యోగానికి ఏనాడూ సిగ్గుపడలేదు. పదిన్నరకు ఇస్త్రీ చొక్కాతో కుర్చీలో ఉండేవాణ్ణి. నేను రాసిన నోటును పైవాళ్లు తిప్పి పంపిన సందర్భం నాకు గుర్తు లేదు. ఆఫీసులో అందరికీ నేను సారును. చెరువు కట్ట కింది బెస్తవాడలో మాత్రం ఇంకా దొరనే. ఆ వాడలోంచి నేను నడిచి పోతుంటే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడేవారు. వల అల్లుతున్నవాళ్లు ఒళ్లోంచి వల జారిపోనిచ్చి మరీ లేచేవారు. నేను తల ఊపి సాగిపోయేవాణ్ణి, వాళ్లు మళ్లీ కూర్చునేవారు. ఎకరాలు పోయాయి గాని ఇది పోలేదని లోలోపల అనుకునేవాణ్ణి. ఇప్పుడు దాచడం ఎందుకు, ఆ నాలుగు అడుగులు నడవడానికే ఒక్కోసారి చుట్టు తిరిగి ఆ దారిన ఇంటికి వెళ్లేవాణ్ణి.

తొంభైల చివర్లో ఒక వానాకాలం కౌకూర్ దారిలో పల్లంలో వెలసిన ఒక కాలనీ మునిగింది. కోస్తా జిల్లాల నుంచి వచ్చి ఇళ్లు కట్టుకున్న ఉద్యోగస్తుల కాలనీ అది. నీళ్లు పోయే కాలువ ఎక్కడుండేదో వాళ్లకు తెలియదు, తెలిసినవాళ్లు చెప్పలేదు. పట్నం నుంచి పడవ వచ్చేదాకా మనుషులను తలుపు చెక్కల మీద, ఖాళీ డ్రమ్ముల మీద బయటికి తెచ్చారు. ప్రాణాలు పోలేదు, అదృష్టం. తరువాత ఒక ఉత్తర్వు వచ్చింది. పెద్ద చెరువులున్న మండలాలు వరద పనికి పనికొచ్చే చిన్న పడవలు రెండేసి ఎంపిక చేసి ఉంచుకోవాలని.

మా ఎమ్మార్వో మేడం గోదావరి వైపు మనిషి. ఫైలు ముందు పెట్టుకుని, తమ వైపు అయితే పడవ గురించి వీధిలో పోయేవాణ్ణి ఎవరిని అడిగినా చెబుతారని, ఇక్కడ ఎవరిని అడగాలో తెలియడం లేదని అన్నారు. అటెండరు తలుపు దగ్గర నిలబడి, సారోళ్లింట్ల నావ ఉన్నది మేడం, అన్నాడు. ఆవిడ ఫైలును అట్లాగే నా వైపు తిప్పారు. మీరు ఏ పడవ అంటే ఆ పడవండీ, అన్నారు.

ఆ మాట నాకు ఎంత బరువైందో ఆవిడకు తెలియదు. మూడు తరాలుగా ఆ చెరువు విషయంలో ఊరు మా ఇంటిని అడిగేది. తూము ఎప్పుడు ఎత్తాలి, చెరువు నిండి పొర్లే మత్తడి మీద నీళ్లు ఎంత పోతే కింది వాడను లేపాలి, అన్నీ. అడగడం మానేసి ఇరవై ఏళ్లయింది. మళ్లీ అడిగారు. ఈసారి నేను తప్పు చెబితే పోయేది మా ఇంటి మాట ఒక్కటే కాదు, పల్లంలో ఉన్నవాళ్ల ప్రాణాలు కూడా.

నేను వేరే పడవ గురించి ఆలోచించనే లేదు. మా నావను దించి, దాన్ని చూపించి, అటువంటివే రెండు చేయించాలని నిర్ణయించుకున్నాను. సందులకు గుగ్గిలం పట్టించాను. రెండు రోజులు నీటిలో నానబెట్టించాను. బెస్తవాడ పెద్దను పిలిపించాను. వయసులో ఉన్నప్పుడు మా తాత అతిథులకు ఆ నావ నడిపింది ఆయనే. అప్పటికే డెబ్బై దాటాడు. నావ చుట్టూ ఒకసారి తిరిగి, అడుగున చెయ్యి పెట్టి నిమిరి, నా మొహం చూడకుండా అన్నాడు:

"గిది బాతుల కోసం జేసింది దొరా. మనుషుల కోసం గాదు."

నేను విననట్టే నావ పరీక్షకు రోజు ఖాయం చేశాను.

పరీక్ష చూడటానికి మేడం వచ్చారు, సర్వేయరు వచ్చాడు, కట్ట మీదికి సగం ఊరు వచ్చింది. శామీర్‌పేట సెంటర్లో లారీ టైర్లకు పంక్చర్లు వేసే ఒకాయన కూడా దుకాణం కట్టేసి వచ్చాడు. బెస్తవాళ్లు చేపలు పట్టేటప్పుడు ఒక్కొక్కరే కూర్చునే లారీ ట్యూబులు ఆయన దగ్గరే కొంటారు గనుక, నీళ్ల మీద తేలే దేని విషయంలోనైనా తనకు మాట ఉందని ఆయన ఉద్దేశం. వాడపెద్ద, మరో ఐదుగురు నావలో కూర్చున్నారు. నావ అద్దంలాంటి నీటి మీద నిశ్చలంగా నిలిచింది. నేను గట్టు రాయి మీద నుంచి ఠీవిగా ఒక కాలు లోపల పెట్టాను.

ఆరుగురూ ఒక్కసారి లేచి నిలబడ్డారు.

నావ ఎటు తిరిగిందో నేను చూడలేదు. నాకు తెలిసేసరికి గుండెల దాకా నీళ్లలో ఉన్నాను. నా చెప్పు ఒకటి నా ముందు నుంచే తేలుతూ పోతోంది. కట్ట మీద అంతా నవ్వు. మేడం మాత్రం నవ్వలేదు, ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని దెబ్బలేమైనా తగిలాయా అని అడిగారు. పంక్చరాయన అందరికీ వినపడేట్టు, "సాబ్, వరద రాకముందే ముంచే పడవ మస్తు జల్దీ పని జేస్తది," అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నీళ్లలోనే నిలబడి వాడపెద్దను అడిగాను, ఎవరు లేవమన్నరు మిమ్మల్ని అని. ఆయన తలగుడ్డ పిండుకుంటూ, ఇంత తెలిసిన మనిషి ఇదేం ప్రశ్న అన్నట్టు నన్ను చూశాడు.

"మీరొస్తుంటే కూసుంటమా దొరా?"

ఆ సాయంత్రం కొట్టంలో నావను బోర్లా పెట్టించి, ఎదురుగా కూర్చున్నాను. బట్టలు మార్చుకున్నాను గాని ఒంటిమీది చెరువు వాసన పోలేదు. మొదట ఆ ఆరుగురి మీద కోపం. తరువాత నవ్వినవాళ్ల మీద. ఆ రెండూ అయిపోయాక ఆయన అడిగిన మాట ఒక్కటే మిగిలింది.

వాళ్లు లేవడం మర్యాద అని నేను అనుకుంటూ వచ్చాను. మా తాత కాలంలో లేవనివాడికి ఏమయ్యేదో మా ఇంట్లో ఎవరూ చెప్పుకోరు. కాని నాకు తెలుసు. ఆనాటి భయం తండ్రి నుంచి కొడుకుకు దిగుతూ మోకాళ్లలో స్థిరపడింది. ఇది గట్టు కాదు, నీళ్లు అని మోకాళ్లకు ఎవరు చెబుతారు? ఆ మనుషులు నీళ్ల మీద పుట్టి పెరిగినవాళ్లు. నావలో లేవకూడదని నాకంటే వాళ్లకే బాగా తెలుసు. తెలిసీ లేచారు.

అక్కడే నాకు అసలు సంగతి తట్టింది. బెస్తవాళ్లే లేస్తే, వరదలో తక్కినవాళ్లు లేవరా? కట్ట మీద మొగుడు కనబడితే భార్య లేస్తుంది. పాము తేలుతూ వస్తే అందరూ లేస్తారు. మేక కొట్టుకుపోతుంటే ముసలమ్మ లేస్తుంది. నావలో కూర్చోవడం నేర్చినవాళ్ల కోసం పడవ ఎంపిక చేయడం పెద్ద విద్య కాదు. లేచేవాళ్ల కోసం చేయాలి. మనిషి తప్పును భరించే పడవ కావాలి.

మర్నాడు పొద్దున మేడం బల్ల మీద ఒక పేజీ నోటు పెట్టాను. నమూనా పడవలు తెప్పించాలి. ఒక్కోదానిలో ఆరుగురిని కూర్చోబెట్టాలి. నేను చెయ్యి ఎత్తగానే ఆరుగురూ ఒకే పక్కకు లేవాలి. బోల్తా పడనిదాన్నే తరువాతి పరీక్షలకు తీసుకోవాలి. ఇంతే నోటు. నిన్న నీళ్లలో పడ్డ సంగతి కూడా దాచకుండా మొదటి వాక్యంలో రాశాను. మేడం రెండుసార్లు చదివారు. ఇందులో ఒక లోపం ఉందండీ, అన్నారు. ఆరుగురూ బెస్తవాళ్లయితే పరీక్ష పరీక్షే కాదని, నీళ్లంటే భయపడేవాళ్లు కూడా ఉండాలని.

"నాకు ఈత రాదండీ. అందుకని నేను కూర్చుంటాను," అన్నారు.

నా సర్వీసులో చాలామంది అధికారులను చూశాను. ఆ మాట అన్న అధికారి ఆవిడ ఒక్కరే.

పరీక్ష గుండెల లోతు నీళ్లలో పెట్టాం. చుట్టూ ఆడామగా పదిమంది బెస్తవాళ్లు నిలబడ్డారు. మేడం చీర కుచ్చిళ్లు ఎగదోపి, నడుముకు తాడు కట్టించుకుని మరీ ఎక్కారు.

ముందుగా తెచ్చింది ఫైబరు పడవ, పార్కుల్లో విహారానికి తిప్పే రకం. తెల్లగా మెరుస్తోంది, వెనుక మోటారు. తెచ్చిన వ్యాపారి దాని వేగం గురించి చాలా చెప్పాడు. వాడపెద్ద మోటారు కింది రెక్కలను చూసి, వరదల చీరలొస్తయ్, గడ్డొస్తది, తీగలొస్తయ్, గిది అన్నీ చుట్టుకుంటది అన్నాడు. నేను చెయ్యి ఎత్తాను. ఆరుగురూ కుడివైపుకు లేచారు. పడవ మా నావ కంటే మర్యాదగా, మెల్లగా, కాని అంతే పూర్తిగా తిరగబడింది. మేడంను ఇద్దరు ఆడవాళ్లు చంకల కింద చేతులేసి ఎత్తుకొచ్చారు. ఆవిడ ముక్కులోని నీళ్లు చీదేసి, తరువాతది, అన్నారు.

తరువాతది రబ్బరు పడవ, గాలి నింపేది. చెప్పాలంటే లేచి నిలబడితే అన్నిటికంటే బాగా నిలిచింది అదే. ఆరుగురు కాదు, ఎనిమిదిమంది లేచినా కదల్లేదు. నేను కలం తీశాను కూడా. అప్పుడు పంక్చరాయన కట్ట వాలులోంచి ఒక సర్కారు తుమ్మ కొమ్మ విరుచుకుని వచ్చాడు. వ్యాపారి వద్దంటున్నా వినకుండా దాన్ని పడవ ముందు నీళ్లలో వేసి, ఇగ దీని మీదికెల్లి తోలుండ్రి, అన్నాడు. తోలారు. కాసేపటికి ఒక పక్క బుస్సుమనడం మొదలైంది. మునగలేదు. గాలి అరలు వేరువేరుగా ఉంటాయి గనుక మునగదని వ్యాపారి అన్నమాట నిజమే. కాని మా వైపు వరద ఖాళీ నీళ్ల మీద రాదు. కంప మీద నుంచి, ముళ్లతీగ మీద నుంచి, గాజుపెంకులు పాతిన కాలనీ గోడల మీద నుంచి పోవాలి.

"మంచి పడవే సాబ్. నా దుకాణం ముందట కట్టేయుండ్రి, దినాం నాకు పని దొరుకుతది," అన్నాడాయన.

మిగిలింది ఒక రేకు పడవ. మేడ్చల్ దగ్గర ఒక షెడ్డులో నీళ్ల ట్యాంకులు చేసేవాళ్లు చేసి పంపారు. దాన్ని చూసి నా మొహం నాకే తెలిసేంతగా మాడింది. బల్లపరుపు అడుగు, నిలువు పక్కలు, రెండు కొసలా చదరం. బర్రెలకు కుడితి పోసే తొట్టికి దానికి తేడా ఏమిటంటే ఇది పెద్దది. కట్ట మీద జనం కూడా అదే అన్నారు. మా తాత టేకు నావతో బాతుల వేటకు పోయిన చెరువులో నేను కుడితి తొట్టిని ఎంపిక చేయడమా అనిపించింది.

చెయ్యి ఎత్తాను. ఆరుగురూ లేచారు. తొట్టి ఒక పక్కకు వంగింది, రెండు చెంబుల నీళ్లు తీసుకుంది, ఆగింది. మేడం కళ్లు మూసుకుని పక్కనున్న బెస్త ఆడమనిషి భుజం పట్టుకున్నారు. తొట్టి మెల్లగా తన చోటికి వచ్చి కూర్చుంది. ఇంకోసారి, అన్నాను. ఇంకోసారి కూడా అంతే. ఏడోసారికి మేడం కళ్లు తెరిచే లేచారు.

తరువాత నేను వదల్లేదు. మోకాలి లోతులో ఆరుగురితో నడిపించాను, అడుగు తగల్లేదు. నలుగురితో భుజాల మీద ఎత్తించి కట్ట దాటించాను, దాటింది. నీళ్లలో ఉన్న మనిషిని పక్క నుంచి ఎక్కిస్తే వంగుతోంది, చదరపు కొస నుంచి ఎక్కిస్తే వంగడం లేదు. అందుకని ముందు కొసను ఒక జానెడు తగ్గించమని షెడ్డువాళ్లకు రాసిచ్చాను. పంక్చరాయన రెండు పక్కలా లారీ ట్యూబులు కట్టమన్నాడు. నిండా నీళ్లు నిండినా మునగదు, ఈదేవాళ్లకు పట్టు దొరుకుతుంది అని. మోటారు వద్దని, పొడుగాటి వెదురు గడలు చాలని వాడపెద్ద చెప్పాడు. గుండ్రటి పుట్టి సంగతి కూడా ఒకరు ఎత్తారు గాని, పారే నీళ్లలో అది గిరగిర తిరుగుతుందని ఆయనే కొట్టేశాడు.

నేను కుడితి తొట్టికి సంతకం పెట్టాను. నా సర్వీసు మొత్తంలో అంత గట్టిగా కలం నొక్కి పెట్టిన సంతకం ఇంకొకటి లేదు.

రెండు పడవలు తయారై వచ్చాక ఒక చిక్కు మిగిలింది. రేకు అడుగు తడిస్తే కాలు జారుతోంది. వెదురు తడకలు వేద్దామన్నారు. మర్నాడు వడ్రంగిని పిలిపించి మా నావను విప్పించాను. మేకులు ఊడదీస్తుంటే అది చేసిన చప్పుడు గురించి రాయను. పలకలు రెండు పడవల అడుగులకూ సరిపోయాయి, ఒక్కటి మిగిలింది. మా నాయిన బతికి ఉంటే అడ్డుపడేవాడేమో. మా తాత అయితే పడేవాడు కాదని నా నమ్మకం. ఆయన నావను నీళ్ల కోసం చేయించాడు, దూలాలకు కట్టడానికి కాదు.

చివరగా, పడవ లోపలి పక్కన నా చేత్తో నేనే ఎర్ర రంగుతో ఒక వాక్యం రాశాను. ఆఫీసు భాషలో రాయాలంటే చాలా రాయవచ్చు. నేను రెండే మాటలు రాశాను. రంగు ఆరుతుంటే వాడపెద్ద వచ్చి పక్కన నిలబడ్డాడు. ఆయనకు చదువు రాదు.

"ఏం రాసిండ్రు దొరా?"

"ఎవరొచ్చినా లేవరాదు అని."

ఆయన ఆ అక్షరాలను కొంతసేపు చూశాడు.

"మీరొస్తే గూడనా?"

"నేనొస్తే గూడ."

అరవయ్యేళ్ల అలవాటు దొరా, చూస్త, అన్నాడు. ఆ చూస్త అనే మాట నన్ను పొడిచింది. పడవ ఎంత మంచిదైనా, పారే నీళ్లలో ఆయన లేస్తే వాడంతా ఆయన వెనకే లేస్తుంది. ఆరుగురు కదలని నీళ్లలో లేవడం వేరు, వరదలో లేవడం వేరు. అది నేను పరీక్షించలేకపోయాను.

మేడం బదిలీ మీద వెళ్లిపోయారు. రెండువేల సంవత్సరం దాటాక ఒక శ్రావణంలో మూడు రోజులు తెరిపి లేకుండా వాన కురిసింది. తుర్కపల్లి కంపెనీల క్యాబులు రోడ్డు మీదే ఆగిపోయాయి. మత్తడి మీద నిలువెత్తు నీళ్లు దుముకుతున్నాయి. ఒక పడవను కౌకూర్ దారి కాలనీకి పంపించాం. ఆ రోజు అది అక్కడ ఎన్ని తడవలు తిరిగిందో తరువాత కాలనీవాళ్లే మా ఆఫీసుకు వచ్చి చెప్పారు. రెండోదాన్ని కట్ట దగ్గర ఉంచాం.

పొద్దున తొమ్మిది దాటాక మత్తడి కాలువకు గండి పడి బెస్తవాడలోకి నీళ్లు తిరిగాయి. వాడలోని మగవాళ్లంతా కట్ట మీద ఇసుక బస్తాలు వేస్తున్నారు. వాడలో ఉన్నది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పసిపిల్లలు. ట్యూబుల మీద వాళ్లను తేలేం. సందుల్లో ఊడిపోయిన కప్పులు, కంపకంచెలు కొట్టుకొస్తున్నాయి. నేను, ఇద్దరు బెస్త యువకులు, గడ పట్టుకుని పంక్చరాయన పడవ ఎక్కాం. ఆయనను ఎవరూ పిలవలేదు. ట్యూబులు నావి, నేను రానా, అన్నాడు.

రెండు తడవల్లో పసిపిల్లలను, తల్లులను కట్ట మీదికి చేర్చాం. మూడోసారి వాడ చివర కమ్యూనిటీ హాలు మెట్ల దగ్గరికి పోయాం. పై మెట్టు మీద వాడపెద్ద, ఆయన భార్య, మరో నలుగురు. ఆయన అప్పటికి ఎనభైకి దగ్గర. మేం పోయేసరికే అందరూ నిలబడి ఉన్నారు, ఎందుకంటే కూర్చోవడానికి చోటు లేదు. నేను పడవ దిగి పిట్టగోడ మీద నిలబడి ఒక్కొక్కరినే చదరపు కొస నుంచి లోపలికి దించాను. యువకులిద్దరూ నీళ్లలో దిగి ట్యూబులు పట్టుకుని పడవను ఆపుతున్నారు. పంక్చరాయన గడను గోడకు ఆనించి బిగించాడు. ఆరుగురూ టేకు పలకల మీద కూర్చున్నారు. ఇక ఎక్కవలసింది నేను ఒక్కణ్ణే. సందు మూల నుంచి ప్రవాహం పడవను కొడుతూనే ఉంది.

నేను కాలు లోపల పెట్టాను.

తక్కిన ఐదుగురూ నన్ను చూడలేదు. వాళ్లు వాడపెద్దను చూశారు. పుట్టినప్పటి నుంచి వాళ్లు నన్ను చూసి లేవలేదు, ఆయన లేస్తే లేచారు. నాకు ఆ క్షణంలోనే అది తెలిసింది. ఆయన అరచేతులు మోకాళ్ల మీదికి వచ్చాయి. వేళ్లు బిగుసుకున్నాయి. వీపు ముందుకు వంగింది, లేచే మనిషి వీపు వంగినట్టు. రెండో కాలు ఇంకా గోడ మీదే ఉంది.

ఆయన తల ఎత్తి నా కళ్లలోకి చూశాడు. అంతకుముందు ఎన్నడూ అట్లా చూసి ఎరగడు.

"కూసోనే ఉన్న దొరా. రాండ్రి."

నేను రెండో కాలు లోపల పెట్టాను. చోటు ఆయన మోకాలి పక్కన మాత్రమే ఉంది. అక్కడ, మా తాత పలక మీద, ఆయన పక్కన కూర్చున్నాను. మా ఇంటి మనిషి ఆ వాడ మనిషి పక్కన ఒకే పలక మీద కూర్చోవడం అదే మొదటిసారి అనుకుంటాను. తడిసిన ఆయన భుజం నా భుజానికి తగులుతూనే ఉంది.

సందు మధ్యలో ఒక కప్పు మీద మేక కనిపించింది. చివర కూర్చున్న ఆమె, నా మేక, అంటూ లేచేసింది. పడవ ఆ పక్కకు వంగింది, రెండు చెంబుల నీళ్లు తీసుకుంది. ఆగింది. చెరువులో ఏడుసార్లు వచ్చినట్టే తన చోటికి వచ్చి కూర్చుంది. వాడపెద్ద ఆమె కొంగు పట్టి కిందికి లాగాడు.

"గాడ రాసున్నది సదువుతలేవా? ఎవరొచ్చినా లేవరాదు. మేకొచ్చినా సుత," అన్నాడు, అక్షరం ముక్క రాని మనిషి.

మేకను తరువాత తడవలో తెచ్చాం. వాడలో ఒక్క ప్రాణం పోలేదు. జిల్లా నుంచి వచ్చిన పెద్ద అధికారి ఆ సాయంత్రం పడవను చూసి, ఈ తొట్టిని ఎవరు ఎంపిక చేశారని అడిగారు. నేను ఒక అడుగు ముందుకు వేసి, నేను, అన్నాను. మా వంశంలో ఎవరూ ఏ జాగీరు చూపించి ఆ మాటను అంత నిండుగా అని ఉండరు.

వాడపెద్ద ఆ తరువాత నాలుగేళ్లు బతికాడు. నేను ఆ దారిన వెళ్తూనే ఉన్నాను. ఆయన అరుగు మీద వల ఒళ్లో పెట్టుకుని కూర్చునే ఉండేవాడు, లేచేవాడు కాదు. ఆయన లేవకపోతే వాడలో ఎవరూ లేవలేదు. నేను తల ఊపేవాణ్ణి, ఆయన తల ఊపేవాడు. ఒకసారి బౌరంపేట్ నుంచి వచ్చిన చుట్టం ఒకాయన పక్కన కూర్చుని, నన్ను చూసి గబుక్కున లేవబోతూ, దొర వస్తుంటే లేస్తలేవేంది అని ఆయనను అడిగాడు. నేను ముందుకు నడిచాను గాని జవాబు నాకు వినపడింది.

"కూసో బిడ్డా. దొరనే రాసిండు."